చెరుకుతోటకు చుక్క కావలి

నేను అబద్ధాలు చెబుతానని నిజామాబాద్‌లో నాకొక పేరుంది. అది ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. మాక్లూర్ దారిలో ఒక చిరుతపులి నా సైకిల్ వెనక సీటు మీద కూర్చుని మూడు మైళ్ళు వచ్చిందనీ, దిగేటప్పుడు కిరాయి ఎగ్గొట్టి పోయిందనీ చెప్పింది నేనే. ధర్పల్లిలో మా మేనత్త పసుపు చేను పక్కనుంచి నడిచిన తెల్ల ఎద్దు ఇల్లు చేరేసరికి పచ్చబడిందనీ, దాని యజమాని దాన్ని గుర్తుపట్టక కొట్టంలోకి రానీయలేదనీ చెప్పింది కూడా నేనే. నాది కిరాయి సైకిళ్ళ దుకాణం. జనం సైకిల్ తీసుకుంటారు, ఒక కథ విని పోతారు. సైకిల్‌కు గంటల లెక్కన కిరాయి. కథ ఉచితం.

అలాంటి నన్ను నా దుకాణంలోనే ఒకాయన ఓడించాడు. ఆయన బడిలో సైన్సు చెప్పే సారు. వెనక చక్రానికి నేను పంక్చరు వేస్తుంటే, స్టూలు మీద కూర్చుని నిదానంగా అన్నాడు: "దక్షిణం దిక్కున, కిందికి, ఒక చుక్క ఉంటది. అగస్త్య నక్షత్రం. మన సూర్యుని లాంటివి డజన్లకు డజన్లు పక్కపక్కన పేర్చినా దాని వెడల్పు నిండదు."

నేను చేతిలో పని ఆపాను. "సారూ, జర తగ్గించుండ్రి. చిరుతపులిని నేనే మూడు మైళ్ళ కాడ దించిన."

"తగ్గించడానికి అది నా మాట కాదు. అది ఉన్నదే అంత. ఇయ్యాల నువ్వు చూసే దాని వెలుగు మీ ముత్తాతకు ముత్తాత పుట్టకముందు బయల్దేరింది."

దుకాణంలో ఉన్నవాళ్ళెవరూ నవ్వలేదు. అందరూ తలలు ఊపారు. చంద్రుడి మీద మనిషి దిగాడని రేడియోలో చెప్పినా అలాగే తలలు ఊపారు. నా చిరుతపులి దగ్గరికి వచ్చేసరికి మాత్రం పడీపడీ నవ్వుతారు. ఇంత పెద్ద మాట చెప్పి, నమ్మించి, చక్రం గాలి చూసుకుని వెళ్ళిపోయాడాయన! ఆ పూట నాకు అన్నం సయించలేదు. నన్ను మించిన ఆ చుక్క మొహం ఒకసారి చూడాలనిపించింది.

మా దుకాణం మిద్దె ఎక్కి చూస్తే దక్షిణాన సినిమా టాకీసు గోడ, దాని పైన పొయ్యిల పొగ. సారును అడిగితే, "దీపాలు లేని ఊరికి పో, శివరాత్రి వెళ్ళినంక, చీకటి పడంగనే చూడు" అన్నాడు. బోధన్ అవతల మా ఆవిడ అన్న రాజన్నది చెరుకు వ్యవసాయం.

"చుక్క కోసం పోతున్నవా, మా అన్న ఇంట్ల బెల్లం వండుతున్నరని పోతున్నవా?" అంది మా ఆవిడ.

"రెంటికీ దారి ఒక్కటే" అన్నాను.

మిరపకాయల పెట్టె

బోధన్‌కు బస్సులో పోతే తొందరగా చేరతాం. నాకు తొందర లేదు కాబట్టి రైలెక్కాను. జానకంపేట దాటాక ఆ రైలు నడిచే తీరు చెబితే మళ్ళీ నా పేరు చెడుతుంది. నేను దిగి, పట్టాల పక్క తోటలో ఒక చెరుకు గడ విరుచుకుని, మళ్ళీ అదే పెట్టె ఎక్కాను. నా వెనకే తోట రైతు కూడా ఎక్కాడు, తిట్టడానికి. తీరుబడిగా తిట్టి, దిగి, తన పనికి తాను పోయాడు. పట్నంలో ఇంత ఓపికగా తిట్టేవాళ్ళు లేరు.

నా ఎదుట ధర్మాబాద్ దిక్కు నుంచి వచ్చిన ఒక మరాఠీ ముసలాయన, ఆయన చుట్టూ మిరపకాయల బస్తాలు. పెట్టెలో ఒక్కరు కూడా ఒక మాట మొదలుపెట్టి తుమ్మకుండా ముగించలేకపోయారు. నేను చుక్క సంగతి ఎత్తాను.

"అగస్తి! గది మాకు ఎర్కే భావూ" అన్నాడాయన. "అగస్తి పొడిచినంక నదిల నీళ్ళు తేటపడతయని మా ఆయీ, మా అమ్మ, చెప్తుండె." తుమ్మాడు.

బస్తా కింద రాలిన ఒక మిరపగింజ తీసి ఆయన అరచేతిలో పెట్టాను. "ఇది మన భూమి అనుకో. గా చుక్క బోధన్ స్టేషనంత ఉంటది."

ఆయన గింజను చూశాడు, కిటికీలోంచి ముందుకు చూశాడు, మళ్ళీ గింజను చూశాడు. "అరే దేవా! అయితే దాని ఘాటు ఎంతుంటది?"

ఆ సంగతి నేనూ ఆలోచించలేదు, మా సారూ చెప్పలేదు. దిగేటప్పుడు ఆయన నా జేబులో గుప్పెడు మిరపకాయలు పోసి, "చుక్కకు నా రాంరాం చెప్పు" అన్నాడు. ఆ జేబు రుమాలుతో మొహం తుడుచుకున్నది నా బుద్ధి తక్కువ. బోధన్ స్టేషన్‌లో దిగినప్పుడు నేను ఏడుస్తున్నాను. ఎవరో పాపం, "ఎవరు పోయిన్రు అన్న?" అని అడిగారు.

బోధన్

ఈ కాలంలో బోధన్‌ను కళ్ళు మూసుకుని కూడా గుర్తుపట్టొచ్చు. గాలి తియ్యగా ఉంటుంది, కొంచెం పులిసినట్టు కూడా ఉంటుంది. ఫ్యాక్టరీ వైపు చెరుకు బండ్లు వరస కట్టి నిలబడతాయి. బండివాళ్ళు బండి కిందే వంట, బండి కిందే నిద్ర. వరస ఒక బండి జరగ్గానే ఎద్దులు వాటంతట అవే నాలుగడుగులు వేస్తాయి, కింద పడుకున్న మనిషి ఎండలో మిగిలిపోతాడు. అతడు కళ్ళు తెరవకుండానే లేచి, దుప్పటి ఈడ్చుకుంటూ పోయి, మళ్ళీ బండి నీడలో పడుకుంటాడు. ఇది నా కల్పన కాదు, ఎవరైనా పోయి చూడొచ్చు.

హోటల్లో చాయ్ మా ఊరి రేటే, పదిహేను పైసలు. కాని మా ఊళ్ళో కప్పు నింపుతారు, ఇక్కడ సాసరు కూడా నింపుతారు. "చక్కెర తక్కువ" అన్నాను. హోటలాయన ముఖం మాడ్చుకున్నాడు. "బోధన్‌కు వచ్చి చక్కెర తక్కువంటవా అన్న? మా ఇజ్జత్ ఏం కావాలె?" అని ఇంకో చెంచా వేశాడు. ఇక్కడి ఈగలకు షుగరు జబ్బు ఉంటుందనీ, అవి పొద్దున లేవగానే వేపాకు మీద వాలతాయనీ నేను తర్వాత మా దుకాణంలో చెప్పింది ఈ చాయ్ తాగాకే.

చెరుకు దించి తిరిగి పోతున్న ఖాళీ బండి ఒకటి దొరికింది. పొద్దు గుంకేసరికి రాజన్న ఊరు చేరాను. ఆ ఊరి పేరు మాత్రం రాయను. చెరుకు దొంగలు కూడా కథలు చదువుతారు; మిగతాది చివరికి మీకే తెలుస్తుంది.

మిద్దె మీద

రాజన్న నాకు బావ. ఊళ్ళో పెద్ద రైతు. ఆయన గురించి రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడలేదు. రెండు, తన కళ్ళతో చూడనిది నమ్మడు. ఆ కళ్ళకు ఈమధ్య పొరలు కమ్ముతున్నాయి. ఆ సంగతి ఎవరైనా అంటే మాత్రం ఊరుకోడు.

లక్ష్మక్క, అంటే ఆయన భార్య, జొన్న రొట్టెలు, పుంటికూర, ఎల్లిపాయ కారం పెట్టింది. మా పట్నంలో రొట్టెను తుంపి కూరలో అద్దుతాం. వాళ్ళు రొట్టె మీదే కూర పోసుకుని, కంచం లేనట్టే తింటారు. నేనూ అట్లాగే తిని చొక్కా పాడుచేసుకున్నాను. తిన్నాక మిద్దె ఎక్కాం. దీపం పక్కన ఉంటే చుక్కలు మంచిగా కనబడవని చెప్పి, రాజన్న తెచ్చిన దీపాన్ని మూలకు జరిపించాను.

ఆ ఊళ్ళోకి ఇంకా కరెంటు రాలేదు. చంద్రుడు లేడు. చుక్కలు ఎంత దట్టంగా ఉన్నాయంటే... వద్దు, మామూలుగానే చెబుతాను. దట్టంగా ఉన్నాయి. సారు చెప్పిన గుర్తుల ప్రకారం వెతికాను: వరసగా మూడు చుక్కలు, వాటి వెంట కిందికొస్తే అన్నిటికన్నా పెద్ద తెల్లటి చుక్క, అక్కణ్ణుంచి ఇంకా కిందికి, నేరుగా దక్షిణానికి. అక్కడ ఊరికి ఎదురుగా నల్లగా ఒక గుట్ట. గుట్ట నెత్తి మీద, ఎవరో జాగ్రత్తగా తెచ్చి పెట్టినట్టు, ఒకే ఒక్క వెలుగు. తెల్లగా, అప్పుడప్పుడు కొంచెం నీలంగా, గాలికి కాస్త వణుకుతూ.

ఇన్నాళ్ళూ దాని మీద ఉన్న కోపం ఎటో పోయింది. ఎన్ని తరాల కింద బయల్దేరావు తండ్రీ, ఎంత దూరం నడిచావు, వచ్చి ఈ గుట్ట మీద ఇంత చిన్నగా కూర్చున్నావా అనిపించింది.

"బావా, అగో! అగస్త్యుడు!" అని అరిచాను.

రాజన్న చుట్ట నోట్లోంచి తీశాడు. "అగస్త్యుడెవడు? అది మా గంగారాం కందీలు."

కందీలంటే లాంతరు. గుట్ట వెనక వాలంతా రాజన్న చెరుకుతోట. అడవిపందులు పడకుండా, ఉగాది నుంచి ఉగాదికి కుదిరిన జీతగాడు గంగారాం రాత్రిళ్ళు గుట్ట మీది మంచె ఎక్కి, కందీలు వెలిగించి కావలి కాస్తాడట. రాజన్న రోజూ తిన్నాక మిద్దె ఎక్కి, ఆ వెలుగు చూసి, నిశ్చింతగా పడుకుంటాడట.

"పిలగాడు బంగారం బావా" అన్నాడు. "ఇదివరకు కందీలు మినుకు మినుకుమంటుండె. పెండ్లయినకాడి నుంచి బుద్ధి వచ్చింది, మస్తుగ వెలిగిస్తుండు. ఒక్క జాగల సుత కూసోడు. రోజుకింత పడమటికి జరుగుతడు. పందులు పడమటి నుంచే వస్తయని వానికి ఎర్కే."

నాకు నవ్వు ఆగలేదు. చుక్కలన్నీ రోజూ కొంచెం పడమటికి జరుగుతాయని నేను బయల్దేరేముందు మా సారు చెప్పాడు. "బావా, అది కందీలు కాదు, చుక్క. సూర్యుడు దాని ముందట గోటికి చాలడు."

"ఆఁ. చిరుతపులి సుత ఎక్కి కూసున్నదా దాని మీద?"

జన్మలో మొదటిసారి నిజం చెబుతుంటే నమ్మని మనిషి ఎదురుపడితే ఎలా ఉంటుందో మీకు తెలియదు. నాకు రోషం వచ్చింది. గుట్ట ఎక్కి చూద్దాం పద అన్నాను. లక్ష్మక్క వెనకనుంచి నా చొక్కా గుంజింది. నేను పట్టించుకోలేదు.

రాజన్న కూడా లేచి నిలబడ్డాడు. "షరతు! రేపు తేల్చుకుందాం. అది కందీలైతే నువ్వు ఇంక నా ఇంట్ల ఒక్క అబద్ధం చెప్పొద్దు. చుక్కే అయితే..." చుట్టను పిట్టగోడకేసి నలిపాడు. "చుక్కే అయితే ఇన్నొద్దులు వాడు నన్ను మోసం చేసిండన్నట్టు. ఉగాది దాక సుత ఉంచ, తెల్లారి పంపిస్త. కావలి కాయని కావలిగాన్ని ఇంకెవడు పెట్టుకుంటడో సూస్త."

నిచ్చెన దిగుతుంటే లక్ష్మక్క నా చెవిలో అంది: "తమ్మీ, ఊరందరికీ ఎర్కే అది చుక్కని. మీ బావకొక్కనికే ఎర్కలే. ఇంతదూరం వచ్చి ఎందుకు నిజం చెప్పినవ్?"

బెల్లం పెనం కాడ

మర్నాడు పొద్దున గానుగ దగ్గరికి పోయాను. పెద్ద పెనంలో రసం కుతకుతమంటోంది. ఇక్కడొక మర్యాద ఉంది. బెల్లం వండే చోటికి వచ్చినవాడు బెల్లం అడగకూడదు, వండేవాళ్ళు పెట్టకుండా పంపకూడదు. మా పట్నంలో మిఠాయి దుకాణం ముందు మనం అడుగుతాం, వాళ్ళు పెట్టరు. ఒకతను మోదుగాకులో వేడి వేడి పాకం పెట్టి ఇచ్చాడు. ఆగలేక నోట్లో వేసుకున్నాను. నాలుక కాలింది. అబద్ధం మీద బతికే నాలుక, దానితో అసలు పని పడిన రోజే!

ఆకు ఇచ్చినతనే పక్కన గొంతుక్కూర్చున్నాడు. పాతికేళ్ళుండవు. చేతికి ఇంకా పెళ్ళి కంకణం దారం ఉంది.

"అన్నా, నేను గంగారాంను. నువ్వు నిజామాబాద్ నుంచి చుక్కను సూడ వచ్చినవంట గద."

"వచ్చిన."

"సూసినవ్ గద. ఇంక ఎల్లిపో అన్నా, నీ కాళ్ళు మొక్కుత."

నవ్వబోయాను గాని అతని కళ్ళు చూసి ఆగిపోయాను. మాఘంలో పెళ్ళయిందట. పిల్లది మంజీర అవతలి ఊరు, మరాఠీ తప్ప సరిగా రాదు. గుట్ట కింద అతని గుడిసె ఒక్కటే, చుట్టుపక్కల ఇల్లు లేదు. చీకటి పడితే తలుపు మూసి ఏడుస్తుందట.

"నేను పోకుంటే తినది అన్నా. ఇద్దరం తిని, జర సేపు ముచ్చట పెట్టి, ఆమె పండుకున్నంక కందీలు ముట్టించుకుని గుట్ట ఎక్కుత. పందులు ఊరు మొత్తం సద్దుమణిగినంకనే వస్తయ్. ఈ ఏడు ఒక్క గడ సుత పోలే, పోయి సూడు. మొదటి దినం నేను ఎక్కకముందే రాజన్న పటేల్ సూసిండేమోనని పానం పోయింది. తెల్లారి భయపడుకుంట పోతే, 'రాత్రి కందీలు మంచిగ వెలిగించినవ్‌రా' అన్నడు. నేను పరేషాన్! సాయంత్రం ఇంటి ముందట నిలబడి సూస్తే గుట్ట మీద చుక్క."

"నిజం చెప్పొద్దా మరి?"

"ఆయనతోటి ఎట్ల చెప్పాలె అన్నా? భార్య కోసం ఇంటికి పోతున్న అంటే నవ్వరా?"

నాకు ఆ చుక్క మీద కొత్త ప్రేమ పుట్టింది. డజన్ల సూర్యులంత పెద్దది, ఇంత దూరం వచ్చి ఒక కొత్త పెళ్ళికొడుకు బదులు పనిలో చేరింది. నేను మాత్రం గంగారాం పొట్ట కొట్టడానికి రైలెక్కి వచ్చాను.

ఉపాయం చెప్పాను. ఈ ఒక్క సాయంత్రం ముందే గుట్ట ఎక్కి కందీలు వెలిగించు, నేను షరతు ఓడిపోతాను. బావ మిద్దె మీద దీపం ఉంటుంది. అది ఆరిందంటే బావ పడుకున్నట్టు. అప్పుడు దిగి ఇంటికి పో.

రెండు వెలుగులు

సాయంత్రం మోకాలు నొప్పి అని గుట్ట ఎక్కడం తప్పించుకున్నాను. "మిద్దె మీది నుంచే చూద్దాం బావా. నాకెందుకో అది కందీలే అనిపిస్తుంది." కాలిన నాలుకతో మాటలు ముద్ద ముద్దగా వచ్చాయి.

రాజన్న చేత్తో కళ్ళకు అడ్డం పెట్టుకుని గుట్టను చూశాడు. చాలాసేపు చూశాడు.

"బావా, రెండున్నయేంది?"

ఈ సంగతి నేను ముందే ఎందుకు ఆలోచించలేదు? కందీలు వెలిగిస్తే చుక్క ఆరిపోతుందా? గుట్ట మీద తెల్లగా అగస్త్యుడు, వాడికి కాస్త కింద, పొగచూరిన గాజులోంచి ఎర్రగా గంగారాం.

"ఒకటి కందీలు... ఒకటి చుక్క బావా. ఇద్దరం గెలిచినం."

"ఏది ఏది?"

"నువ్వే చెప్పు."

రాజన్న తడుముకోలేదు. "పెద్దది గంగారాంది. రోజూ సూస్తున్న గద, నాకెర్క లేదా? గా కింద గుడ్డిగ మినుకుతున్నదే నీ చుక్క. గింత దానికా నువ్వు రైలెక్కి వచ్చింది!" అని, ఎంతైనా ఋషి కదా అని, గంగారాం కందీలుకు రెండు చేతులెత్తి మొక్కాడు.

నేనూ మొక్కాను. లక్ష్మక్క కొంగు నోట్లో కుక్కుకుంది. అంతా సర్దుకుంది అనుకున్నాను. అంతలో రాజన్న అన్నాడు: "నిన్న నువ్వే చెప్తివి గద, దీపం పక్కన ఉంటే చుక్కలు మంచిగ కనబడయని." వంగి, మిద్దె మీది దీపాన్ని ఉఫ్ అని ఊదేశాడు.

గంగారాంకు నేను చెప్పిన గుర్తు అదే.

గుట్ట మీద చిన్న వెలుగు కదిలింది. కొంచెం పైకి లేచింది, ఊగింది, దిగడం మొదలుపెట్టింది. బండల వెనక మాయమై, మళ్ళీ కింద తేలింది. తొందరగా దిగుతోంది, పరుగులాంటి నడక.

"బావా," అన్నాడు రాజన్న మెల్లగా. "నీ చుక్క నడుస్తుంది."

"అది... అట్లాంటి చుక్కే బావా."

వెలుగు గుట్ట దిగింది, గట్టు మీదుగా ఊగుతూ పోయింది, గుట్ట కింద ఒంటరి గుడిసె దగ్గర ఆగింది. తలుపు తెరుచుకుని ఇంకో చిన్న వెలుగు బయటికొచ్చింది. రెండూ కలిసి లోపలికి పోయాయి. గుట్ట మీద పెద్ద వెలుగు మాత్రం కదలకుండా అట్లాగే ఉంది.

రాజన్న చుట్ట ఆరిపోయింది. మళ్ళీ ముట్టించలేదు. నేను ఇన్నేళ్ళు పోగేసిన అబద్ధాల్లో ఒక్కటీ పనికొచ్చేది కనబడలేదు.

"చుక్కకు సుత ఇల్లుంటదా?" అన్నాడు చివరికి. నన్ను కాదు, గుట్టను అడిగినట్టు.

లక్ష్మక్క జవాబిచ్చింది. "ఎందుకుండదు? నేను కాపురానికి వచ్చిన కొత్తల గిట్లనే ఒక చుక్క గుట్ట దిగుతుండె. మీ బాపు పండుకున్నడా లేదా అని సూసుకుంట, దొంగలెక్క. నేను దర్వాజ సందుల నుంచి సూస్తుంటి. ఒకపారి ఉరుక్కుంట వచ్చి, బండ మీద పడి మోకాలు పలగ్గొట్టుకున్నది గా చుక్క."

చీకట్లో రాజన్న ముఖం కనబడలేదు. చెయ్యి మాత్రం మోకాలు మీదికి పోయింది. తర్వాత పొట్ట లోపలినుంచి ఒక నవ్వు బయల్దేరింది. ఆయన నవ్వగా నేను వినడం అదే మొదటిసారి.

"పందులో?" అన్నాడు నవ్వు ఆగాక.

"ఊరు సద్దుమణిగినంక వస్తయంట. అప్పటికి వాడు పైన ఉంటడంట. ఒక్క గడ సుత పోలేదంట."

"పోలే. తోట నేను రోజు సూస్తున్న గద." లేచి, నిచ్చెన దగ్గర ఆగి, మళ్ళీ దక్షిణానికి తిరిగాడు. పొరలు కమ్మిన కళ్ళతో ఆ తెల్లటి వెలుగును ఇప్పుడు కొత్తగా చూశాడు. "గంత పెద్దదా అది? నిజంగనా?"

"నిజం బావా. ఒట్టు."

"అయితే వానితోని చెప్పు. తిని, పొద్దుపోయినంకనే గుట్ట ఎక్కుమను. అందాక గా పెద్దాయన కాస్తడు."

మళ్ళీ దుకాణం

తిరుగు రైల్లో చెప్పుకోదగ్గదేం జరగలేదు. లక్ష్మక్క ఇచ్చిన బెల్లం ముద్ద మా ఆవిడకు చేరేసరికి కొంత కరిగింది. ఎండకు అన్నాను. ఆమె నమ్మలేదు.

సారు వచ్చి, "కనబడిందా?" అన్నాడు.

"కనబడింది సారూ. మీరు చెప్పింది తక్కువే. కాని మీ పుస్తకంల లేనిది ఒకటుంది. అది రోజూ పొద్దుపోయేదాక చెరుకుతోటకు కావలి కాస్తది."

దుకాణమంతా పడీపడీ నవ్వింది. ఈసారి సారు కూడా.

ఉగాది వెళ్ళాక రాజన్న పని మీద పట్నం వచ్చి, నా దుకాణం స్టూలు మీద కూర్చున్నాడు. గంగారాంను ఇంకో ఏడాదికి పెట్టుకున్నానని చెప్పాడు. ఈ మనిషి అబద్ధమాడడని అందరికీ తెలుసు కాబట్టి జనం మూగారు. "పటేలా, మీ తోటకు చుక్క కావలి కాస్తదంటడు మీ బావ. నిజమేనా?"

రాజన్న చుట్ట తీసి, బూడిద రాల్చి, అందరినీ ఒకసారి చూశాడు.

"నిజమే. కావలిగాళ్ళు ఇద్దరున్నరు. జీతం ఒక్కడే తీసుకుంటడు."